డిర్ ఇచ్చిన ఫైలు పేర్లని అర్రేలో సార్ట్ చేయాలా, వద్దా?

మిల్లు_గుమాస్తా: మిర్యాలగూడల రైస్ మిల్లు లెక్కలు చూస్త. రోజువారీ స్టాకు ఎక్సెల్ ఫైళ్లు, పేర్లు 1, 2, 3 అని 31 దాకా ఉంటయి. మాక్రోలో, ఫోల్డర్‌ల ఫైలు పేర్లు ఒక్కొక్కటే ఇచ్చే కమాండు డిర్‌తోని పేర్లు అర్రేలకు (నంబర్లున్న గడుల వరసకు) తీసుకొని, నిన్నటి క్లోజింగ్ స్టాకును ఇయ్యాల్టి ఓపెనింగ్‌ల వేస్తున్న. ఫోల్డర్ తెరిస్తే వరస మంచిగనే ఉంది. మాక్రో మాత్రం 1 తర్వాత 10 తెరిచింది. పదో తారీకు ఓపెనింగ్‌ల ఒకటో తారీకు బస్తాలు కూసున్నయి. సార్ట్ చేయాల్నా?

పాత_కోడు: చేయాలి. డిర్ ఏ వరసలో ఇస్తుందో హామీ లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవులో (విండోస్ హార్డ్‌డిస్కు మామూలు అమరిక) అక్షరక్రమంలో వస్తాయి. ఫ్యాట్ అనే పాత అమరిక ఉన్న పెన్‌డ్రైవులో పెడితే సాధారణంగా ఎక్కించిన వరసే. మాక్రోలు రాసే భాష వీబీఏలో అర్రేని సార్ట్ చేసే ఫంక్షన్ లేదు, పక్కపక్క పేర్లని పోల్చి తారుమారు చేసే బబుల్ సార్ట్ రాసుకోండి. లూపులో ఫైలుకోసారి అర్రే సైజు పెంచే రీడిమ్ ప్రిజర్వ్ వాడుతున్నారేమో, అది ప్రతిసారీ అర్రే మొత్తాన్ని కాపీ చేస్తుంది. వందేసి గడుల చొప్పున పెంచండి.

గోదారి_గట్టు: ఉన్నవే 31 ఫైళ్లు మాస్టారూ.

పాత_కోడు: ఇవాళ 31 అన్నవాడే రేపు 31 వేలతో వస్తాడు.

షీటు_భక్తుడు: అసలు అర్రే ఎందుకు? పేర్లు షీటులో పోసి ఎక్సెల్ సార్ట్ కొడితే సరి.

పాత_కోడు: షీటు మాట నా దగ్గర ఎత్తకండి. పాత ఆఫీసులో నా మాక్రో షీటుని ఎవరో పుణ్యాత్ముడు డిలీట్ చేశాడు, సరిగ్గా జీతాల రోజున. తిట్లు నాకు. అర్రేని ఎవడూ డిలీట్ చేయలేడు.

షీటు_భక్తుడు: మీ షీటు పోతే ఊళ్లో షీటులన్నీ దండగేనా?

నల్లరేగడి: ఇద్దరూ ఒకే గోతిలో ఉన్నారు. పేర్లు స్ట్రింగులు, అంటే అక్షరాల వరసలు, అంకెలు కావు. బబుల్ పెట్టినా, షీటులో పోసినా 1, 10, 11... 19, 2 అనే వస్తాయి. ఎక్స్‌ప్లోరర్ అంకెల్ని అంకెలుగా చూసి వరస పెడుతుంది, ఎక్స్‌పీ కాలం నుంచీ అంతే. డిర్‌కి ఆ తెలివి లేదు. సార్టే వద్దు. 1 నుంచి 31 దాకా అర్రే పెట్టండి. పేరుకి వాల్ (మొదట్లోని అంకెల్ని సంఖ్యగా తీసే ఫంక్షన్) వేస్తే తారీకు వస్తుంది, ఆ నంబరు గడిలో పేరు వేయండి. గడి ఖాళీగా ఉంటే ఆ రోజు మిల్లు బందు.

పాత_కోడు: ఇంత తిప్పలెందుకు, పేర్లే 01, 02 అని పెట్టుకుంటే పోయేదానికి?

మిల్లు_గుమాస్తా: పేర్లు పెట్టేది నేను కాదు సార్. కాంటా కాడ ఉండే అక్క.

పాత_కోడు: అయితే ఆవిడకి చెప్పండి. ఒక్క సున్నా కొట్టడానికి ఏం రోగమండీ?

గోదారి_గట్టు: నోరు జాగ్రత్త మాస్టారూ. లారీ కాంటా మీదుండగా, డ్రైవరు హారన్ కొడుతుండగా టైపు చేసి చూడండి ఓసారి. ఆ సున్నా ఏదో మీ కోడులో కొట్టుకోండి.

మిల్లు_గుమాస్తా: గడుల పద్ధతి పెట్టిన. వరస కుదిరింది. కానీ 12 తారీకు కాడ 40 బస్తాలు తేడా. చూస్తే ఫోల్డర్‌ల "12" ఉంది, "12 కొత్తది" కూడ ఉంది. అక్క సరిచేసి మళ్ల సేవ్ చేసిందట.

నల్లరేగడి: తప్పు నాదే. వాల్ రెండింటికీ 12 అనే ఇస్తుంది. అక్షరక్రమంలో ఫైలు పేరు వెనకుండే .xlsx చుక్క కన్నా ఖాళీ ముందు, కాబట్టి కొత్తది ముందొచ్చి గడిలో కూర్చుంది. వెనకే పాత 12 వచ్చి దాన్ని చప్పుడు చేయకుండా తోసేసింది. గడి నిండి ఉంటే మాక్రో ఆగిపోయేలా ఒక ఇఫ్ పెట్టండి.

షీటు_భక్తుడు: అందుకే షీటు అని మొత్తుకున్నాను! జాబితా కళ్లముందుంటే 12 రెండున్నాయని ఆ అక్కే చెప్పేది. మీ అర్రే ఎవరికి కనబడుతుంది?

పాత_కోడు: కనబడితే చెరుపుతారు.

షీటు_భక్తుడు: చెరపనివ్వండి. లెక్క వాళ్లదేగా, మీది కాదుగా.

మిల్లు_గుమాస్తా: షీటుల పోసి చూసిన. "కొత్తది" ఉండాల్సిన కాడ అన్నీ ప్రశ్న గుర్తులే.

నల్లరేగడి: డిర్‌కి తెలుగు రాదు. ఆ పేరుతో ఫైలు తెరవబోయినా ఎర్రరే వస్తుంది. డిర్ బదులు, ఫైళ్ల వివరాలిచ్చే విండోస్ సాధనం ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్‌తో పేర్లు తీయండి, తెలుగు తెలుగులాగే వస్తుంది.

మిల్లు_గుమాస్తా: వచ్చింది. జాబితా ప్రింటు తీసి అక్కకు ఇచ్చిన. పాత 12 తనే తీసేసింది. 19 కూడ ఓసారి చూడుమన్నది.