వార్ట్‌హాగ్ తోలు వల్ల హ్యూస్టన్‌లో ఆగిపోయిన ట్రోఫీల క్రేట్

గత జూన్‌లో దక్షిణాఫ్రికా లింపోపోలో వేటాడిన ట్రోఫీలు పోయిన మంగళవారం విమానంలో హ్యూస్టన్ చేరాయి. ఒకటే క్రేట్, 62 కిలోలు. కూడూ, ఇంపాలావి (రెండూ జింకల్లాంటివి) ఉడికించి శుభ్రం చేసిన పుర్రెలు, కొమ్ములు. వార్ట్‌హాగ్‌ది (అక్కడి అడవిపంది) మాత్రం మందులో ముంచి ఆరబెట్టిన తోలు.

అమెరికా వన్యప్రాణి శాఖ 3-177 ఫారం (దిగుమతి డిక్లరేషన్) ఆన్‌లైన్‌లో నింపాను, క్లియరెన్స్ వచ్చేసింది. ఈ మూడూ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో లేవు కాబట్టి అక్కడ టెన్షన్ లేదు. ఆపింది వ్యవసాయ శాఖ. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందులకు వచ్చే అంటువ్యాధి) భయం వల్ల పంది తోలు వాళ్లు ఆమోదించిన టాక్సిడెర్మీ (జంతువుల తోళ్లను బొమ్మల్లా నిలిపే పని) షాపుకే వెళ్లాలట. ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రవాణా పత్రం) మీదేమో మా ఇంటి అడ్రస్ ఉంది (తప్పు నాదే, అడిగితే అదే ఇచ్చాను).

మా ఊరి టాక్సిడెర్మిస్టుకు ఆ ఆమోదం లేదు. ఆమోదం ఉన్న షాపు డాలస్ దగ్గర దొరికింది, తీసుకుంటామన్నారు. కానీ పంపినవాళ్ల లెటర్ లేనిదే బిల్లు మీద పేరు మార్చం అంటున్నారు కార్గో గోదాము వాళ్లు. లింపోపోకి మూడు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. ఈలోపు గోదాము అద్దె రోజూ పెరుగుతోంది.

ఆ లెటర్ లేకుండా, కస్టమ్స్ బ్రోకర్ ద్వారా క్రేట్‌కు సీలు వేయించి డాలస్ షాపుకు మళ్లించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎలా చేశారు?