అప్‌డేట్: విస్కీ పీపాలో ఊరిన నల్ల బీరు తాగి చూశాం

స్కాట్లాండ్ నుంచి మా బావ తెచ్చిన ఓలా డూ 12 అనే నల్ల బీరు సీసాని ఎంత చల్లగా తాగాలి, అందులో విస్కీ కలుపుతారా అని మొన్న అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. నిన్న రాత్రి విజయనగరంలో మా మేడ మీద తెరిచాం.

ఫ్రిజ్‌లోంచి తీసి, 12 డిగ్రీలకి వచ్చేదాకా ఆగమన్న సలహా బంగారం. చల్లగా ఉన్నప్పుడు మాడిన గింజల చేదు ఒక్కటే తగిలింది. వేడెక్కేకొద్దీ చాక్లెట్, ఎండుద్రాక్ష, చివర్లో సన్నటి పొగ వాసన బయటపడ్డాయి. చిక్కదనం మాత్రం బెల్లం పాకమే! 8 శాతం ఆల్కహాల్ కాబట్టి చిన్న గ్లాసుల్లో పంచుకున్నాం. అలాగే తాగాలి కూడా.

విస్కీ కలపరు. హైలాండ్ పార్క్ విస్కీ ఖాళీ చేసిన ఓక్ పీపాల్లో బీరుని ఊరబెడతారు. చెక్క పీల్చుకున్న విస్కీ, చెక్కకి సొంతమైన వెనిలా వాసన బీరులోకి దిగుతాయి. సీసా మీది 12 బీరు వయసు కాదు, ఆ పీపాలో అంతకుముందున్న విస్కీ వయసు.

నంజుకోడానికి మిరపకాయ బజ్జీలు వద్దు, కారం ముందు రుచి తెలీదు. ఉప్పు వేయని పలాస జీడిపప్పు చక్కగా కుదిరింది. ఈసారి ఓలా డూ 18 తెమ్మని బావకి చెప్పాను.