చేప ప్రోటీన్ మాత్రల పరీక్షలో పోలిక మాత్రగా ఏది పెట్టాలి?

అధిక బరువున్న పెద్దవాళ్లకు చేప ప్రోటీన్ ఇచ్చి 8 వారాలు చూసే చిన్న పరీక్షకు ప్రణాళిక వేస్తున్నాం. ఇలాంటివి చేసినవాళ్లు దయచేసి సలహా ఇవ్వండి.

మోతాదు 2013లో వచ్చిన నార్వే అధ్యయనంలోదే: 4 వారాలు రోజుకు 3 గ్రాములు, తర్వాత 4 వారాలు 6 గ్రాములు. అందులో పరగడుపు గ్లూకోజు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గాయి. రోజంతా తినే ప్రోటీన్‌లో 6 గ్రాములు ఏ మూలకు? అందుకే మా అనుమానం టారిన్, గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాల మీద.

చిక్కంతా పోలిక మాత్రతోనే. ప్రోటీన్ లేనిది పెడితే, ఫలితం చేపదా, ఏ ప్రోటీనుకైనా వచ్చేదేనా అన్నది తేలదు. కేసీన్ (పాల ప్రోటీన్) పెడితే అది తేలుతుంది గానీ, సీసా మూత తీయగానే నీచు వాసన గుట్టు విప్పేస్తుంది. పైపూత వేస్తే 8 వారాలూ వాసన ఆగుతుందా? రెండు సీసాల్లోనూ కొంచెం చేప వాసన కలపడం మేలా?

పొడిలో నూనె మిగిలితే ఒమేగా-3 వల్ల ట్రైగ్లిజరైడ్లు తగ్గి, ఆ ఘనత ప్రోటీన్ ఖాతాలో పడుతుంది. కొవ్వు ఎంత శాతం దాకా ఒప్పుకుంటారు?

75 గ్రాముల గ్లూకోజు పరీక్షలో రక్తం తీయడానికి ఫ్లోరైడ్ ట్యూబు మాత్రమే వాడితే, తీసిన రక్తంలో మొదటి గంటలో గ్లూకోజు తరుగుతూనే ఉంటుంది. ఐసులో పెట్టి 30 నిమిషాల్లో ప్లాస్మా వేరుచేస్తే చాలా, ఆ తరుగుదలను త్వరగా ఆపే సిట్రేట్ ట్యూబులే కావాలా?

మరొకటి: పాల్గొనేవాళ్ల భోజనంలో చేపలు పూర్తిగా ఆపించాలా, అలవాటు ప్రకారమే వదిలేయాలా?