అప్‌డేట్: ఫైర్‌మ్యాన్ స్విచ్ వేసినా లిఫ్ట్ కిందికి రాని సమస్య తీరింది

మా పదమూడు అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాక్ డ్రిల్ చేసినప్పుడు ఫైర్‌మ్యాన్ స్విచ్ (మంటలప్పుడు లిఫ్ట్‌ను నేరుగా కిందికి రప్పించేది) వేసినా ఫైర్ లిఫ్ట్ (అగ్నిమాపక సిబ్బంది వాడే లిఫ్ట్) గ్రౌండ్ ఫ్లోర్‌కు ఎందుకు రాలేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"స్విచ్ కాదు, పైన కంట్రోలర్ చూడమనండి" అని మీలో ఒకరన్న మాటే నిజమైంది. కంట్రోలర్ అంటే లిఫ్ట్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె. గతంలో అందులోని కార్డు (సర్క్యూట్ బోర్డు) మార్చినప్పుడు స్విచ్ నుంచి వచ్చే వైరు మళ్లీ బిగించకుండా వదిలేశారట. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న బిల్డింగ్‌లో ఇలా వదిలేయడం చాలా తప్పు. వైరు కలిపి స్విచ్ వేశాక లిఫ్ట్ మధ్యలో ఎవరు బటన్ నొక్కినా ఆగకుండా కిందికొచ్చి, తలుపులు తెరుచుకుని నిలబడింది. ఆ తర్వాత లోపలి బటన్లకే కదిలింది.

ఏఆర్‌డీ (ఆటోమేటిక్ రెస్క్యూ డివైజ్) బ్యాటరీకి ఈ సమస్యతో సంబంధం లేదు. కరెంటు పోతే దగ్గరి అంతస్తులో మనుషుల్ని దింపడానికే అది.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఫైర్ లిఫ్ట్‌లో కనీసం ఎనిమిది మంది పట్టాలని, నిమిషంలో పై అంతస్తుకు చేరాలని ఇంజనీర్ చెప్పారు. మాది రెండింట్లోనూ సరిపోయింది. జనరేటర్ మీదా నడిపి చూశారు.

ఇకపై ప్రతి సర్వీసులో ఈ స్విచ్ పరీక్షించాలని మెయింటెనెన్స్ కాంట్రాక్టులో రాయించాం.