ముందు నుంచి బావురు పిల్లి, పక్కకు తిరిగితే ముంగిస

పాయఒడ్డు:
నిన్న రాత్రి తొమ్మిది గంటలకు కూర్చుని తెల్లవారుజామున నాలుగింటికి లేచాను, ఒక్క బొమ్మా తేలలేదు. కోరంగి మడ అడవిలో జాలరుల బుట్టల్లోంచి చేపలు కాజేసే బావురు పిల్లిని నా యానిమేషన్ కథకు పాత్రగా పెట్టుకున్నాను. మెడకు ఎర్ర తువ్వాలు, ఒక చెవి కొస చినిగి ఉంటుంది. ఎదురుగా గీసిన బొమ్మ ఇంటిల్లిపాదికీ నచ్చింది. దానినే పక్కకు తిప్పి నడిపించబోతే, ఐదో బొమ్మకల్లా మూతి సాగిపోయి ముంగిస అయి కూర్చుంటున్నది. ఏ బ్రష్ వాడితే ఈ తేడా రాదో దయచేసి చెప్పగలరా?

పెన్సిల్‌ముక్క:
బ్రష్‌కూ దీనికీ సంబంధం లేదు. ప్రతి బొమ్మా చేత్తో గీస్తున్నారా, రిగ్గింగ్ (ఒకే బొమ్మకు కీళ్లు అమర్చి కదిలించడం) చేస్తున్నారా? అది ముందు చెప్పండి.

మడచెట్టు:
మీరు పెట్టిన బొమ్మలో తోక నేలను తాకుతున్నది. బావురు పిల్లి తోక పొట్టిది, తలా మొండెమూ కలిపిన పొడవులో సగం కూడా ఉండదు. చెవులు చిన్నవి, గుండ్రనివి. నుదుటి నుంచి మెడ వెనక్కి నల్లని చారలు పోతాయి, ఒంటి మీద మచ్చలు వరుసలు తీరి ఉంటాయి, కాలివేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది. మీరు గీసినది తువ్వాలు కట్టుకున్న ఇంటి పిల్లి. మన డెల్టాలో తిరిగే జంతువును మనమే ఇలా గీస్తే ఎలాగండి?

గట్టుమీద:
తోక సంగతి నిజమే, కానీ ఆయన అడిగినది మూతి గురించి. ఎదురు నుంచి గీసినప్పుడు మూతి ఎంత ముందుకు వచ్చిందో కాగితం మీద తెలియదు కనుక, తిప్పిన ప్రతిసారీ ఆ పొడవును మీ చేయి కొత్తగా ఊహించుకుంటున్నది. తలకు ఒక బంతి, మూతికి పొట్టి డబ్బా అనుకుని మొదలుపెట్టండి. కళ్లు, మూతి, గడ్డం, భుజం ఉండే ఎత్తులలో అడ్డగీతలు సాగదీసి, ఎదురు, త్రీ క్వార్టర్ (ఎదురుకూ పక్కకూ మధ్యస్థంగా తిరిగినది), పక్క, వెనుక వాటులు నాలుగూ ఒకే వరుసలో గీస్తే టర్నరౌండ్ షీట్ అవుతుంది. అప్పటికీ కుదరకపోతే కాలువగట్టు బంకమట్టితో తల చేసి, తిప్పి చూస్తూ గీయండి.

మచ్చలు తగ్గించండి. సెకనుకు 24 ఫ్రేములలో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడినా 12 బొమ్మలు గీయాలి. ఒంటి మీద 30 మచ్చలుంటే సెకనుకు 360 మచ్చలవుతాయి.

మడచెట్టు:
మచ్చలు తీసేస్తే అది బావురు పిల్లి ఎలా అవుతుంది?

గట్టుమీద:
తీసేయమనలేదు, తగ్గించమన్నాను, అయిదారు పెద్ద మచ్చలు చాలు. పాత్ర మొత్తానికి నలుపు నింపి చూడండి. చినిగిన చెవి, పొట్టి తోక, తువ్వాలు ముడి అప్పటికీ గుర్తుపట్టేలా ఉంటే ఆకారం కుదిరినట్టే. దీనిని నీడబొమ్మ పరీక్ష అనవచ్చు.

తెరవెనుక:
ఆ మాట ఇక్కడ పొసగదు. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో ఆడించే తోలుబొమ్మల నీడ నల్లగా పడదు. తోలును పలుచగా చేసి రంగులు వేస్తారు కాబట్టి, దీపం వెలుగులో తెర మీద ఆ రంగులే కనిపిస్తాయి. మీరు చెప్పేది నల్లరూపు. ఆ బొమ్మలలో చాలావాటికి ముఖం పక్కవాటుగానే ఉంటుందన్నది కూడా గమనించదగినది.

పెన్సిల్‌ముక్క:
సిల్హౌట్ అంటే సరిపోతుంది. నేనడిగిన దానికి ఇంకా జవాబు రాలేదు.

పాయఒడ్డు:
క్షమించండి, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. ఫోనులో వేలితో ప్రతి బొమ్మా గీస్తున్నాను. కథ నిడివి నిమిషమే. పిల్లి చివరిదాకా నాటు పడవ అంచున పక్కవాటుగా కూర్చునే ఉంటుంది, ఆఖరున ఒక్కసారి దిగి నాలుగడుగులు వేస్తుంది.

గట్టుమీద:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత రాసేవాడిని కాదు. నిమిషంలో ఎక్కడా కనిపించని ఎదురు ముఖాన్ని అందంగా గీసుకుని, తెర మీద ఉండే ముఖాన్ని దాని నుంచి లాగుతున్నారు. పక్కవాటు ముందు ఖాయం చేసుకోండి. కూర్చున్నంతసేపూ ఒంటిని ఒకే బొమ్మగా ఉంచి, చెవీ తోకా కళ్లూ వేరే పొరలలో కదిలించవచ్చు, అక్కడ మడచెట్టు గారి మచ్చలన్నీ పెట్టుకున్నా బరువు కాదు. ఆ నాలుగడుగులకే శ్రమ.

తెరవెనుక:
నేను పక్కవాటు అన్నది అందుకే.

పాయఒడ్డు:
మట్టి తల చేశాను, ఆరకముందే మూతి ఊడిపోయింది, అయినా ఎంత పొడవుండాలో తెలిసింది. ధన్యవాదాలండి.

మడచెట్టు:
తోక పొట్టిగా చేశారా?