కల్కి చివరి సీను సైన్స్ ఫిక్షనా, ఫాంటసీయా? మీకు ఏదిష్టం?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

పుస్తకాల దగ్గర మా అక్క కొడుక్కీ నాకూ ఎప్పుడూ పేచీయే. వాడు విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మంత్రాలు, డ్రాగన్లు, శాపాలు ఉన్న పుస్తకం దొరికితే తెల్లవార్లూ కూర్చుంటాడు. నాకు సైన్స్ ఫిక్షన్ కావాలి. మొన్న పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి 'కల్కి 2898 ఏడీ' ఇంకోసారి చూశాం. పేచీ ముదిరింది.

సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. చివర్లో విలన్ యాస్కిన్ సీరం ఒక్క చుక్క ఎక్కించుకుంటాడు. ఎండిపోయిన ఒంటికి కండ పడుతుంది. వెళ్లి అర్జునుడి గాండీవం ఎత్తుతాడు. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను, సీరం నాకు రోజూ చేతిలో ఉండే వస్తువు. రక్తం గడ్డకట్టాక ట్యూబుని సెంట్రిఫ్యూజులో పెట్టి తిప్పితే ఎర్రది అడుక్కి దిగుతుంది, పైన లేత గడ్డిరంగు నీరు నిలుస్తుంది. ఆ నీటిలో క్రియాటినిన్ ఎంత, కొలెస్ట్రాల్ ఎంత అని చూసి కాగితం మీద అంకె వేసి ఇస్తాం. గాండీవం సంగతి వేరు. అది వరుణుడి దగ్గర్నుంచి వచ్చిన విల్లు. ఎత్తాలంటే బలం ఒక్కటే చాలదు, అర్హత ఉండాలి. సీరంతో బలం వస్తుందంటే కథ కోసం ఒప్పుకుంటాను. అర్హత కూడా వచ్చేస్తుందా?

వాడేమో, "అదే కదా పిన్నీ! ల్యాబులో పుట్టిన బలం దేవుడి సొత్తు మీద చెయ్యి వేసింది, అందుకే ఒళ్లు ఝల్లుమంది" అంటాడు. నాకు ఒళ్లు ఝల్లుమనలేదు. అప్పటిదాకా నమ్ముతూ వచ్చిన రెండు కథల్లో ఏదో ఒకటి నన్ను వదిలేసినట్టయింది.

సైన్స్ ఫిక్షన్ మీద నా ప్రేమకి కారణం చెప్తాను. ఆ కథలో మనిషి "ఇదెలా జరిగింది?" అని అడగొచ్చు. అడిగితేనే కథ ముందుకి నడుస్తుంది. మంత్రాల కథలో ఆ ప్రశ్న వేసినా జవాబు చెప్పేవాళ్లుండరు.

మీకేదిష్టం, ఎందుకు? రెండూ చక్కగా కలిసిన కథ ఏదైనా చదివారా?

రాజాం మాస్టారు:

అమ్మా, నా ఓటు మంత్రానికే. బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, చందమామ చూసే చదవడం నేర్చుకున్నాను. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ల కోసం నెలంతా ఎదురుచూసిన తరం మాది.

సింగీతం శ్రీనివాసరావుగారి సినిమాలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. 1991లో 'ఆదిత్య 369', 1994లో 'భైరవద్వీపం'. దర్శకుడు ఆయనే, హీరో బాలకృష్ణే. మొదటిదాన్ని సైన్స్ ఫిక్షన్ అంటాం, రెండోదాన్ని జానపదం అంటాం. కానీ ఆదిత్యలో జనం ఇప్పటికీ చెప్పుకునేది దేన్ని? 1526లో రాయలవారి కొలువుని. ఆ సభ, ఆ నాట్యం, తెనాలి రామకృష్ణుడు, అంతా జానపదమే కదా! టైమ్ మెషీన్ మనల్ని అక్కడిదాకా తీసుకెళ్లే బండి. అదే సినిమా 2504లోకీ వెళ్తుంది, మా ఇంట్లో ఆ భాగం ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

పుష్పక విమానం మనకి ఎప్పటినుంచో ఉంది. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే మనసులో ఉన్నవాళ్లు కనబడతారు. 1957లో అది మాయ. ఇవాళ మా మనవరాలు హైదరాబాదు నుంచి ఫోనులో కనబడుతుంటే నాకు ఆ పెట్టే గుర్తొస్తుంది. ఫాంటసీ తల్లి, సైన్స్ ఫిక్షన్ కూతురు. కూతుర్ని మెచ్చుకుంటూ తల్లిని తక్కువ చేయకండి.

గంటస్తంభం (విజయనగరం):

అక్కా, "రెండూ కలిసిన కథ" అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. ఆన్ మెకాఫ్రీ రాసిన పెర్న్ కథలు. మొదటిది 1967లో 'అనలాగ్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రికలో వచ్చింది. తెరిచిన వెంటనే డ్రాగన్లు, కోటలు, వాటి మీద స్వారీ చేసే వీరులు. మీ అక్క కొడుకు ఎగిరి గంతేస్తాడు. చదవగా చదవగా తెలుస్తుంది, వీళ్లంతా ఎప్పుడో భూమి నుంచి వచ్చి స్థిరపడి, ఆ సంగతే మరిచిపోయిన జనం. ఆకాశం నుంచి రాలే దారంలాంటి జీవి పంటనీ మనిషినీ తినేస్తుంటే, దాన్ని కాల్చడానికి అక్కడి చిన్న బల్లిజాతి జీవుల జన్యువులు మార్చి డ్రాగన్లని తయారుచేసింది వీళ్ల పూర్వీకులే. నిప్పు కక్కడానికి కూడా లెక్క ఉంది: డ్రాగన్ ఒక రకం రాయి నములుతుంది, కడుపులో గ్యాసు పుడుతుంది, అది బయటికొచ్చి గాలి తగలగానే మండుతుంది. మీ "ఎలా"కి జవాబు దొరికినట్టే. అయితే అవే డ్రాగన్లు చిటికెలో ఒకచోట మాయమై ఇంకోచోట తేలతాయి, మనుషులతో మనసులో మాట్లాడతాయి. వాటికి రాయీ లేదు, గ్యాసూ లేదు. అక్కడ మంత్రాన్నే నమ్మాలి. నాకైతే రెండు చోట్లా సమానంగా నచ్చింది.

బహుమతులిచ్చేవాళ్లే ఈ గీత గీయలేకపోయారు. హ్యూగో అవార్డుని అందరూ సైన్స్ ఫిక్షన్ బహుమతి అనుకుంటారు, 1953 నుంచి ఇస్తున్నారు. 2001లో నవల బహుమతి హారీ పాటర్ నాలుగో పుస్తకానికి వెళ్లింది.

బొబ్బిలి కోడలు:

ఇక్కడ అందరూ మంత్రం అంటే ఊహ అనుకుని మాట్లాడుతున్నారు. మా కన్నవారి ఊళ్లో చిల్లంగి, అంటే చేతబడి, ఊహ కాదు. మా వీధిలో ఒంటరి ముసలావిడ ఒకావిడ ఉండేది. పక్కింటి పిల్లాడికి జ్వరం ఎంతకీ తగ్గకపోయేసరికి ఆవిడే చేసిందన్నారు. ఆవిడ వస్తుంటే తలుపులు వేసుకునేవారు. నూతి దగ్గర చేద ముట్టనిచ్చేవారు కాదు. వంగి నిలబడి, ఎవరైనా తోడి పోస్తే బిందె పట్టేది, పొయ్యకపోతే ఖాళీ బిందెతో వెళ్లిపోయేది. ఆఖరికి కూతురి ఊరు పోయింది. పిల్లాడికి ఆనక రక్తం తీసి చూస్తే మలేరియా.

అందుకని అడవిలో ముసల్ది, దాని చేతబడి, దాన్ని చంపితే ఊరు బాగుపడటం, ఇలాంటి కథ ఎంత బాగా రాసినా నేను చదవలేను. చదివేవాళ్లు నమ్మని చోటే అది ఫాంటసీ అవుతుంది. నమ్మే చోట అది సాక్ష్యం. అలాగని నాకు ఫాంటసీ పడదనుకోకండి, ఎగిరే గుర్రాలు, మాట్లాడే చెట్లు నాకు ప్రాణం. మనిషి మీద నేరం మోపే మంత్రం ఒక్కటే వద్దు.

నాగావళి ఒడ్డు:

బొబ్బిలి కోడలుగారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఇంకేమీ రాయలేకపోయాను. మలేరియా స్లైడు నేను చూస్తుంటాను. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణం లోపల సన్నటి ఉంగరంలా కనబడుతుంది, ఒక పక్కన చిన్న చుక్క. అది ముందే చూసినవాళ్లుంటే, చూసింది ఊరికి చెప్పగలిగుంటే ఆవిడ ఆ ఊళ్లోనే ఉండేది. "ఎలా" అని అడిగే కథలు మన పిల్లలు చదవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మాస్టారూ, మీరు తల్లీకూతుళ్లన్నారు. ఆ చుట్టరికం నేనూ కాదనను. కానీ పుష్పకంలో ఎవరెక్కారో చెప్పారు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారో చెప్పలేదు. నాకు ఆ రెండో మనిషి కథ కావాలి.

ఇక రెండూ ఎక్కడ కలుస్తాయంటారా, నాకు అరసవల్లి సూర్యదేవుడి గుడి తడుతోంది. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దున్నే ఎండ గాలిగోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా లోపలికొచ్చి స్వామి పాదాలు తాకుతుంది. మబ్బు పట్టిందా, అంతే. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 22 ప్రాంతంలో. దానికి కొద్దిరోజుల ముందు, మార్చిలో, ఉత్తరానికి జరుగుతూ ఒక చోట ఉంటాడు. అక్టోబరు మొదట్లో దక్షిణానికి జరుగుతూ దాదాపు అదే చోటికి మళ్లీ వస్తాడు. ఏడాదికి రెండుసార్లే ఎందుకో ఇలా లెక్కకి అందుతుంది. లెక్క తెలిశాక కూడా ఆ వెలుగు పాదాల మీద పడినప్పుడు నా చేతులు వాటంతటవే జోడవుతాయి. కట్టినవాళ్లు కొలిచారు, కొలిచి మొక్కారు. అలా కొలతా మొక్కూ ఒకే గుమ్మంలోంచి వచ్చే కథ కావాలి నాకు. కల్కి చివర్లో నాకు అది దొరకలేదు. అశ్వత్థామ దగ్గర మాత్రం దొరికింది. శాపం తగిలి వేల ఏళ్లు బతికిన మనిషి కొత్త ఆయుధాల ఎదుట నిలబడితే, ఆ శాపాన్ని ఎవరూ ల్యాబుకి పంపలేదు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. గురజాడ, చాసో, కారా మాస్టారు, మన రెండు జిల్లాల కథ గట్టిగా నేల మీద నడిచింది. అది మన గొప్ప. కానీ దానివల్ల ఆకాశం వైపు చూసే కథ అంటే ఇక్కడ పిల్లల కాలక్షేపం అనేశారు. గురజాడ అలా అనుకోలేదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు అరిష్టమని లోకం జడుస్తుంటే, 'ముత్యాల సరాలు'లో దాన్ని భూమికి దూరపు చుట్టం చేసి పలకరించారు. ఒకే చుక్క, ఒకరికి చిల్లంగి, ఒకరికి చుట్టం. విజయనగరంలో కూర్చుని రాసిన మాట అది! కథానిలయంలో ఈ రకం కథలు వెతికి రాసుకుందామనుకుంటున్నాను. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ అది, తెలుగు కథ ఏదైనా ముందు అక్కడే వెతకాలి. ఎవరైనా తోడొస్తారా?

గంటస్తంభం:

నేనొస్తాను అక్కా. అక్క కొడుకుని కూడా తీసుకురండి, పెర్న్ పుస్తకం పట్టుకొస్తాను.

రాజాం మాస్టారు:

నేనూ వస్తాను. అరసవల్లి మాట ఒప్పుకుంటున్నాను తల్లీ, పుష్పకం మాట ఒప్పుకోను. ఎంతమంది ఎక్కినా అందులో ఇంకొకరికి చోటు మిగులుతుందని పెద్దలు చెబుతారు. కథ చెప్పినవాడు ఎవరో ఆ విమానం లోపలికి వెళ్లి సీట్లు లెక్కపెట్టాడన్నమాట. "ఎలా" అని అడిగేవాడు మంత్రాల కథలో లేడంటే ఎలా? ఆ సంగతి కథానిలయం మెట్ల మీదే తేల్చుకుందాం.