కేజ్‌లో చెయ్యి పెడితే మీదకొస్తా ఉన్న ఆడ కుందేలు, గర్భసంచి తీసే ఆపరేషన్ చేయిస్తే కోపం తగ్గుతుందా?

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. కుందేలు ఆడది, 8 నెలలు, 2 కేజీలకి కొంచెం తక్కువ, ఒక్కటే ఉంటాది, ఆపరేషన్ చేయించలేదు. 5 నెలలదాకా ఒళ్ళో పడుకునేది, ఇప్పుడు రెండు నెలలుగా కేజ్‌లో చెయ్యి పెడితే చాలు చెవులు వెనక్కి వాల్చి గుర్రుమని ముందుకాళ్ళతో టపటపా కొడతాది, మొన్న బొటనవేలు కొరికితే రక్తం కూడా వచ్చింది. వింతేందంటే హాల్లో వదిలితే ఇదేం లేదు, తనే వచ్చి కాళ్ళ చుట్టూ తిరుగుతాది. గొడవంతా ఆ కేజ్ దగ్గరే, ముఖ్యంగా పొద్దున 6:30కి ట్రే లాగేటప్పుడు. పోయిన నెల గొంతు కింద బొచ్చు పీక్కొని గడ్డితో గూడు కట్టింది (మగదాన్ని చూసిందే లేదు), రెండు వారాలకి అది మానేసింది గానీ కోపం మాత్రం అట్నే ఉంది.

తోలు గ్లౌజ్ వేసి చూశా, ఇంకా రెచ్చిపోయింది. పెద్ద కేజ్ కొన్నాం, తేడా లేదు. అది బయటున్నప్పుడే క్లీన్ చేస్తే లోపలికెళ్ళాక గిన్నెలన్నీ తోసేసి మూలమూలా ఉచ్చ పోస్తాది. చేత్తో కొత్తిమీర పెడితే కట్ట లాక్కొని తినేసి మళ్ళీ చేతిమీదకే. కొట్టడం, అరవడం చెయ్యలేదు, చెయ్యం కూడా. డాక్టర్‌కి చూపిస్తే పళ్ళు, కాళ్ళు అన్నీ బాగున్నాయి, గర్భసంచి తీయిస్తే తగ్గొచ్చు, కానీ మత్తు రిస్క్ ఉంటాది ఆలోచించుకోండి అన్నారు.

ఆడ కుందేలుకి ఈ ఆపరేషన్ చేయించినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, కేజ్ దగ్గర కోపం నిజంగా తగ్గిందా, తగ్గితే ఎన్ని వారాలకి?